ఏటవాలు అక్షాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు అక్షాలూ 90 డిగ్రీల దగ్గరే కలవాలన్న నియమం లేదని క్లాసులో చెప్పిన ప్రతిసారీ దాదాపు ఇవే సందేహాలు నా దగ్గరికి వస్తున్నాయి. ఇంటర్ పిల్లలు అడిగేవి కొన్ని, డిగ్రీలో స్ఫటికాల పాఠం దగ్గర ఆగిపోయినవాళ్లు అడిగేవి కొన్ని. అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మొదటి నిరూపకాన్ని ఎక్స్ అనీ, రెండోదాన్ని వై అనీ, అక్షాల మధ్య కోణాన్ని ఓమెగా అనీ రాశాను.

## మొదలుపెట్టే ముందు

అక్షాలు లంబంగా లేకపోతే అవి అక్షాలెలా అవుతాయి సార్?

అక్షాలు చేయాల్సిన పని ఒక్కటే: తలంలో ఉన్న ప్రతి బిందువుకూ ఒకే ఒక జత సంఖ్యలు ఇవ్వడం. మూలబిందువు దగ్గర ఖండించుకునే ఏ రెండు సరళరేఖలైనా ఈ పని చేస్తాయి. ముందు ఒక రేఖ దిశలో కొంత దూరం నడిచి, అక్కడినుంచి రెండో రేఖ దిశలో ఇంకొంత నడిస్తే తలంలో ఎక్కడికైనా చేరుకోవచ్చు, అలా చేరే దారి కూడా ఒక్కటే ఉంటుంది. రెండు రేఖలూ ఒకే దిశలో ఉంటే మాత్రం కుదరదు, ఎంత నడిచినా ఆ గీత మీదే తిరుగుతాం. కాబట్టి కోణం 0 గానీ 180 గానీ కాకూడదు. మిగతా ఏ కోణమైనా చెల్లుతుంది.

మరి పుస్తకాలన్నీ 90 డిగ్రీలనే ఎందుకు పట్టుకున్నాయి?

దూరం కొలవడం కోసం. కోణం 90 అయితే పైథాగరస్ సిద్ధాంతం నేరుగా పనిచేస్తుంది, కాస్ 90 సున్నా కాబట్టి సూత్రంలో ఒక పదం మాయమవుతుంది. అది సౌకర్యమే తప్ప తప్పనిసరి నియమం కాదు. 1637లో డెకార్ట్ తన రేఖాగణితాన్ని అచ్చువేసినప్పుడు ఈనాటిలాగా రెండు లంబాక్షాలు ముందే గీసుకుని కూర్చోలేదు. సమస్యలో ఉన్న గీతల్లోంచే ఒకదాన్ని ఆధారంగా తీసుకుని, సమస్య అడిగిన కోణంలో రెండో దిశను పెట్టుకున్నాడు. ఆయనకు చాలా ముందు, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో, గ్రీకు గణితవేత్త అపొలోనియస్ శంకుచ్ఛేదాలను (శంకువును కోస్తే వచ్చే వక్రాలను) వివరించినదీ వ్యాసానికి ఏటవాలుగా ఉండే సమాంతర జ్యాలతోనే. చరిత్ర చూస్తే లంబాక్షాలు తర్వాత స్థిరపడిన అలవాటు. క్లాసులో పిల్లలకు ఈ సంగతి చెప్పకపోవడం నాకు పెద్ద లోటుగా అనిపిస్తుంది.

ఇంట్లోనే కళ్లారా చూసే ఉదాహరణ ఏదైనా ఉందా?

వాకిట్లో ముగ్గు ఉంది కదా. ఎదురు చుక్క పెడితే చుక్క కింద చుక్క పడుతుంది, అది మామూలు లంబాక్షాల గ్రాఫ్. సందు చుక్క పెడితే పై వరుసలో రెండు చుక్కల మధ్య సందుకు ఎదురుగా కింది చుక్క పడుతుంది, అది ఏటవాలు అక్షాల గ్రాఫ్.

7 చుక్కలు, 4 వచ్చేవరకు సందు చుక్క అనుకోండి. మధ్య వరుసలో 7, పైన 6, 5, 4, కింద కూడా 6, 5, 4, మొత్తం 37 చుక్కలు. నట్టనడిమి చుక్క మూలబిందువు. మధ్య వరుస మొదటి అక్షం. మూలబిందువు నుంచి కుడి పైకి ఏటవాలుగా పోయే చుక్కల వరుస రెండో అక్షం. ఇప్పుడు ప్రతి చుక్కకూ పూర్ణ సంఖ్యలే నిరూపకాలు. అన్నిటికంటే పై వరుసలోని నాలుగు చుక్కలు ఎడమనుంచి (−3, 3), (−2, 3), (−1, 3), (0, 3). 37 చుక్కల్లో ఏది తీసుకున్నా ఎక్స్, వై, వాటి మొత్తం, ఈ మూడూ −3కూ 3కూ మధ్యలోనే ఉంటాయి.

ఇదే ముగ్గును లంబాక్షాలతో రాసి చూడండి. అవే నాలుగు చుక్కలకు ఎక్స్ విలువలు −1.5, −0.5, 0.5, 1.5 అవుతాయి. చుక్కలు సరిగ్గా సమబాహు త్రిభుజాలుగా పడి ఉంటే వై విలువ 2.598 అవుతుంది. ముగ్గు మారలేదు, అక్షాలు దానికి నప్పలేదు, అంతే.

ఒక్క మాట గమనించండి. సమబాహు త్రిభుజాలు రావాలంటే వరుసల మధ్య ఎడం చుక్కల మధ్య ఎడంలో 0.87 వంతు ఉండాలి. చేత్తో పెట్టేటప్పుడు రెండు ఎడాలూ సమానంగా పడితే కోణం 60 కాదు, 63.4 డిగ్రీలు. రెండో అక్షం మీద ఒక అడుగు పొడవు కూడా 1 కాదు, 1.118. అయినా నిరూపకాలు అవే పూర్ణ సంఖ్యలు. అంటే అక్షాలు ఏటవాలుగా ఉండొచ్చు, వాటి ప్రమాణాలు వేరువేరుగానూ ఉండొచ్చు.

## బిందువును గుర్తించేటప్పుడు

బిందువు నుంచి అక్షానికి లంబం గీయాలా, రెండో అక్షానికి సమాంతరంగా గీయాలా?

సమాంతరంగా గీయాలి. అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది తప్పేదీ ఇక్కడే. లంబాక్షాల్లో ఈ రెండు పనులూ ఒకటే కాబట్టి తేడా ఉందన్న సంగతే మన చేతికి తెలియదు.

కోణం 60 డిగ్రీలు, బిందువు (3, 2) అనుకోండి. మొదటి అక్షం మీద 3 అడుగులు, అక్కడినుంచి రెండో అక్షానికి సమాంతరంగా 2 అడుగులు. ఇప్పుడు ఆ బిందువు నుంచి మొదటి అక్షానికి లంబం దించితే పాదం 3 దగ్గర పడదు, 4 దగ్గర పడుతుంది. ఏటవాలుగా నడిచిన 2 అడుగుల్లో సగం, అంటే 1, ముందుకే వెళ్లింది మరి. రెండో అక్షానికి లంబం దించితే పాదం 3.5 దగ్గర పడుతుంది. (4, 3.5) అనే జత కూడా పనికొచ్చేదే గానీ, దాన్ని నిరూపకాలుగా తీసుకుని నడిస్తే వేరే చోటికి చేరతాం.

ఏటవాలు గ్రాఫ్ కాగితం షాపులో దొరకడం లేదు. ఎలా గీయాలి?

ఇంజనీరింగ్ డ్రాయింగ్ వాళ్లు వాడే ఐసోమెట్రిక్ కాగితం 60 డిగ్రీలకు సరిగ్గా సరిపోతుంది. అది లేకపోతే గీతల నోటుబుక్కూ, జామెట్రీ బాక్సులోని 30-60 మూలమట్టమూ చాలు. నోటుబుక్కు గీతలు మొదటి అక్షం దిశ. మూలమట్టం ఆనించి 60 డిగ్రీల గీత గీస్తే రెండో అక్షం వచ్చేస్తుంది.

అయితే అడ్డగీతల మధ్య ఎడాన్ని ప్రమాణంగా తీసుకోకండి. ఎడం 8 మిల్లీమీటర్లయితే ఏటవాలు గీత మీద రెండు అడ్డగీతల మధ్య పొడవు 8 కాదు, 8ని సైన్ 60తో భాగించగా వచ్చే 9.2 మిల్లీమీటర్లు. అందుకని మొదటి అక్షం మీద కూడా 9.2 మిల్లీమీటర్లకొక గుర్తు పెట్టుకుని, ప్రతి గుర్తు దగ్గరా మూలమట్టంతో ఏటవాలు గీత లాగండి. పది నిమిషాల్లో పేజీ నిండా సమబాహు త్రిభుజాలు అవుతాయి.

అక్షాలు తలాన్ని విడదీసే పాదాలు నాలుగే ఉంటాయా?

నాలుగే, గుర్తుల క్రమం కూడా మామూలుదే. వెడల్పులే సమానంగా ఉండవు. కోణం 60 అయితే ఒకటో పాదం, మూడో పాదం 60 డిగ్రీలు. రెండోది, నాలుగోది 120 డిగ్రీలు.

## కొలతల దగ్గర

నేర్చుకున్న సూత్రాల్లో ఏవి పనిచేస్తాయి, ఏవి మారతాయి?

ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులో పొడవును గానీ కోణాన్ని గానీ కొలుస్తున్నామా, లేక నిష్పత్తిని మాత్రమే చూస్తున్నామా?

నిష్పత్తి మాత్రమే అయితే ఏదీ మారదు. మధ్యబిందువు, విభజన సూత్రం, త్రిభుజ గురుత్వ కేంద్రం, మూడు బిందువులు సరేఖీయాలా అన్న పరీక్ష, రెండు రేఖల ఖండన బిందువు, సమాంతరాలా కాదా అన్నది, సరళరేఖకు అంతరఖండ రూపం, అన్నీ అక్షరం మారకుండా పనిచేస్తాయి. సరళరేఖ సమీకరణం ఇక్కడా మొదటి ఘాతానిదే.

కొలత అడుగుపెడితే కోణం కూడా వెంట వస్తుంది. రెండు బిందువుల దూరం, రేఖల మధ్య కోణం, లంబత్వం, బిందువు నుంచి రేఖకు లంబదూరం, వృత్తం, వీటిలో కాస్ ఓమెగా కనిపిస్తుంది. వైశాల్యం మధ్యరకం: మామూలు సూత్రంతో వచ్చినదాన్ని సైన్ ఓమెగాతో గుణిస్తే సరి. ఉదాహరణకు 60 డిగ్రీల అక్షాల్లో (0, 0), (4, 0), (0, 3) త్రిభుజం వైశాల్యం 6 కాదు, 6 × 0.866, అంటే దాదాపు 5.2. కానీ రెండు వైశాల్యాల నిష్పత్తి అడిగితే సైన్ కొట్టేసుకుపోతుంది.

ఈ విభజన మనసులో పడితే సగం సూత్రాలు బట్టీ పట్టక్కర్లేదు.

దూరం సూత్రంలో ప్లస్ ఎందుకు వచ్చింది? కొసైన్ సూత్రంలో మైనస్ కదా!

సూత్రం ఇది: దూరం² = ఎక్స్² + వై² + 2 × ఎక్స్ × వై × కాస్ ఓమెగా. ఇక్కడ ఎక్స్, వై అంటే రెండు బిందువుల నిరూపకాల భేదాలు, ప్రమాణాలు రెండు అక్షాల మీదా సమానం.

బొమ్మ గీసి త్రిభుజం లోపలి కోణం చూడండి. మొదటి దిశలో నడిచి, ఆగి, రెండో దిశకు తిరిగాం. తిరిగిన కోణం ఓమెగా. త్రిభుజంలో పడేది దాని పక్క కోణం, 180 − ఓమెగా. దాని కాస్ విలువకు గుర్తు మారుతుంది, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అవుతుంది. కొసైన్ సూత్రంతో పేచీ ఏమీ లేదు.

60 డిగ్రీలకు కాస్ సగం కాబట్టి సూత్రం ఎక్స్² + వై² + ఎక్స్·వై అయిపోతుంది. మూలబిందువు నుంచి (3, 2) దూరానికి వర్గం 9 + 4 + 6 = 19. అదే (1, −1) తీసుకుంటే 1 + 1 − 1 = 1. గుర్తులు వేరైతే దూరం తగ్గుతుంది, ఒకటైతే పెరుగుతుంది. సందు చుక్కల ముగ్గులో (1, −1) నడిమి చుక్కను ఆనుకుని ఉన్న పక్క చుక్కే అని గమనిస్తే ఈ 1 ఎందుకొచ్చిందో కంటికే తెలుస్తుంది.

వాలు 1 వస్తే 45 డిగ్రీలేనా? రెండు వాలుల లబ్ధం −1 అయితే లంబాలేనా?

రెండూ కాదు. ఏటవాలు అక్షాల్లో ఎక్స్ గుణకంగా కనిపించే సంఖ్య టాన్ కాదు, రెండు సైన్‌ల నిష్పత్తి. రేఖ మొదటి అక్షంతో చేసే కోణం సైన్‌ను, రెండో అక్షంతో చేసే కోణం సైన్‌తో భాగించగా వచ్చేది. ప్రమాణాలు సమానమైనప్పుడు వాలు 1 అంటే అక్షాల కోణాన్ని సరిగ్గా సగం చేసే రేఖ. 60 డిగ్రీల అక్షాల్లో అది 30 డిగ్రీలు.

లంబత్వానికి నియమం: 1 + (వాలుల మొత్తం × కాస్ ఓమెగా) + వాలుల లబ్ధం = 0. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. 1, −1 వాలులతో పరీక్షిస్తే మొత్తం సున్నా కాబట్టి ఏ కోణంలోనైనా లంబాలే వస్తాయి. సమచతుర్భుజం కర్ణాలు లంబంగా ఖండించుకోవడమే ఇది. ఆ ఒక్కటి సరిపోయిందని పాత నియమమే పనిచేస్తుందనుకుంటారు. 2, −½ పెట్టి చూడండి. 60 డిగ్రీలకు 1 + 0.75 − 1 = 0.75, సున్నా కాదు. వాలు 2 ఉన్న రేఖకు లంబరేఖ వాలు −0.8. మొదటి అక్షానికే లంబం కావాలంటే వాలు −2.

చేసిన లెక్క సరైనదేనా అని ఎలా సరిచూసుకోవాలి?

లంబాక్షాల్లోకి మార్చి చూడండి. మొదటి అక్షాన్ని అలాగే ఉంచితే లంబాక్షాల మొదటి నిరూపకం = ఎక్స్ + వై × కాస్ ఓమెగా, రెండోది = వై × సైన్ ఓమెగా. 60 డిగ్రీల అక్షాల్లోని (3, 2) లంబాక్షాల్లో (4, 1.732) అవుతుంది. వర్గాలు కూడితే 16 + 3 = 19. ఏటవాలు సూత్రంతో 9 + 4 + 6, అదీ 19. ఏ సూత్రం మీద అనుమానం వచ్చినా ఈ రెండు వరుసలతో తేల్చుకోవచ్చు.

## సమస్యలు చేసేటప్పుడు, వక్రాల దగ్గర

ఎలాంటి సమస్యలో ఏటవాలు అక్షాలు తీసుకుంటే లాభం?

త్రిభుజమో సమాంతర చతుర్భుజమో ఇచ్చి, మధ్యగతాలు, నిష్పత్తులు, సరేఖీయత అడిగినప్పుడు. త్రిభుజం రెండు భుజాలనే అక్షాలుగా తీసుకోండి, ఆ భుజాల పొడవులనే ప్రమాణాలుగా తీసుకోండి. శీర్షాలు (0, 0), (1, 0), (0, 1) అయిపోతాయి. ఎంత వంకర త్రిభుజమైనా ఇంతే!

మధ్యగతాలు ఒకేచోట కలుస్తాయని చూపాలా? భుజాల మధ్యబిందువులు (½, ½), (½, 0), (0, ½). మూడు మధ్యగతాల సమీకరణాలు: ఎక్స్ = వై; 2 ఎక్స్ + వై = 1; ఎక్స్ + 2 వై = 1. మూడింటినీ (⅓, ⅓) తృప్తిపరుస్తుంది. పని అయిపోయింది. కోణాన్నిగానీ పొడవునుగానీ ఎక్కడా వాడలేదు కాబట్టి ఇది అన్ని త్రిభుజాలకూ ఒకేసారి చెల్లే నిరూపణ. లంబాక్షాల్లో ఆరు అక్షరాలు పెట్టుకుని చేసేదానితో పోల్చండి.

లంబకేంద్రం, పరివృత్తం అడిగితే మాత్రం ఈ దారి వద్దు. ప్రతి అడుగులో కాస్ ఓమెగా అడ్డుతగులుతుంది, లంబాక్షాలే హాయి. పరీక్షలో రాసేటప్పుడు "ఈ రెండు భుజాలను అక్షాలుగా తీసుకుంటున్నాను, నిష్పత్తులను మాత్రమే వాడుతున్నాను" అని మొదటి వాక్యంలోనే రాయండి. దిద్దేవాళ్లకు సందేహం మిగలదు.

ఎక్స్² + వై² = 1 గీస్తే వృత్తం రాలేదు. నేను తప్పు గీశానా?

సరిగ్గానే గీశారు. ఏటవాలు అక్షాల్లో అది దీర్ఘవృత్తం. 60 డిగ్రీలకు దాని పెద్ద అర్ధాక్షం 1.22, అక్షాల కోణాన్ని సగం చేసే దిశలో ఉంటుంది. చిన్న అర్ధాక్షం 0.71, దానికి లంబంగా ఉంటుంది. కేంద్రం మూలబిందువు, వ్యాసార్ధం 1 గల వృత్తం కావాలంటే ఎక్స్² + వై² + ఎక్స్·వై = 1 గీయాలి. (1, 0), (0, 1), (−1, 1), (−1, 0), (0, −1), (1, −1) దాని మీద పడతాయో లేదో చూడండి. ముగ్గులో నడిమి చుక్క చుట్టూ ఉండే ఆరు చుక్కలివి.

ఆ దీర్ఘవృత్తాన్ని అలా వదిలేయకండి. మన రెండు అక్షాలూ దానికి సంయుగ్మ వ్యాసాలు, అంటే ఒకదానికి సమాంతరంగా గీసిన జ్యాలన్నిటినీ రెండోది సమద్విఖండన చేస్తుంది. ఇలాంటి ఏ జతలోనైనా అర్ధవ్యాసాల వర్గాల మొత్తం మారదని అపొలోనియస్ చూపాడు. ఇక్కడ 1 + 1 = 2. పెద్ద, చిన్న అర్ధాక్షాలతో చేసినా 1.5 + 0.5 = 2.

అతిపరావలయానికి ఏటవాలు అక్షాలు ఎందుకు వాడతారు?

దాని అనంత స్పర్శరేఖలనే (వక్రం దగ్గరవుతూ పోయి ఎప్పటికీ తాకని రేఖలనే) అక్షాలుగా తీసుకుంటే సమీకరణం "ఎక్స్ × వై = స్థిరసంఖ్య" అని ఒక్క ముక్కలో తేలుతుంది. ఆ స్థిరసంఖ్య, రెండు అర్ధాక్షాల వర్గాల మొత్తంలో నాలుగో వంతు. అనంత స్పర్శరేఖలు సాధారణంగా లంబంగా ఉండవు కాబట్టి ఏటవాలు అక్షాలు తప్పవు. ఏ స్పర్శరేఖైనా వీటితో చేసే త్రిభుజం వైశాల్యం ఎప్పుడూ ఒకటే అన్న సంగతి ఈ రూపంలో రెండు వరుసల్లో వస్తుంది.

## పై చదువుల్లో

స్ఫటికాల పాఠంలో లంబాక్షాలు ఎందుకు వదిలేశారు?

పరమాణువుల వరుసలు ఏ దిశల్లో ఉంటే అవే అక్షాలు కావాలి కాబట్టి. స్ఫటిక వ్యవస్థలు 7. వాటిలో ఘనం, టెట్రాగోనల్, ఆర్థోరాంబిక్, ఈ మూడింటిలోనే కోణాలన్నీ 90. మిగతా నాలుగింటిలో ఎక్కడో ఒకచోట ఏటవాలు తప్పదు. 14 బ్రావే జాలకాలన్న (స్ఫటికంలో అన్ని దిశల్లోనూ పునరావృతమయ్యే చుక్కల అమరికలన్న) లెక్క కూడా ఇలాంటి అక్షాల మీద నిలిచినదే.

చేతిలో ఉన్న పెన్సిల్ ముల్లునే చూడండి. గ్రాఫైట్‌లో ఒక పొరలో అక్షాల మధ్య కోణం 120 డిగ్రీలు, అక్షం మీద ఒక అడుగు 0.246 నానోమీటర్లు. ఆ సమాంతర చతుర్భుజంలో రెండు కార్బన్ పరమాణువులు (⅓, ⅔), (⅔, ⅓) దగ్గర ఉంటాయని తీసుకోవచ్చు. నిరూపకాల భేదాలు ⅓, −⅓. కాస్ 120 విలువ −½. దూరం వర్గం = 1/9 + 1/9 + 1/9 = ⅓. దాని వర్గమూలం 0.577, దాన్ని 0.246తో గుణిస్తే 0.142 నానోమీటర్లు. కార్బన్-కార్బన్ బంధం పొడవుగా పుస్తకాల్లో ఉండేది ఈ సంఖ్యే. మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు కలిగిన ఆనందం నాకింకా గుర్తుంది.

కోవేరియంట్, కాంట్రావేరియంట్ అంటే భయం. వీటితో సంబంధం ఉందా?

ఆ భయం పోగొట్టేది ఏటవాలు అక్షాలే. 60 డిగ్రీల అక్షాల్లో ఒక సదిశ తీసుకోండి. సమాంతరంగా కొలిస్తే 3, 2 వచ్చాయి. అవి కాంట్రావేరియంట్ అంశాలు. లంబాలు దించి కొలిస్తే 4, 3.5 వచ్చాయి. ప్రమాణం 1 కాబట్టి అవే కోవేరియంట్ అంశాలు. ఇప్పుడు ఒకదాన్ని ఒకదానితో జతచేసి గుణించి కూడండి: 3 × 4 + 2 × 3.5 = 19. సదిశ పొడవు వర్గం సరిగ్గా 19. సూత్రంలో కాస్ ఓమెగా కనిపించకుండానే వచ్చేసింది, ఎందుకంటే అది 4లోనూ 3.5లోనూ ముందే కలిసిపోయింది. లంబాక్షాల్లో రెండు జతలూ ఒకటే కావడం వల్ల ఈ తేడా అక్కడ ఎప్పటికీ కనబడదు.

సాపేక్షతా సిద్ధాంతంలో, కాలాన్నీ దూరాన్నీ అక్షాలుగా గీసే మింకోవ్‌స్కీ బొమ్మలో వాలిన అక్షాలు కూడా ఇవేనా?

చూడడానికి ఇవే, కొలవడానికి ఇవి కావు. 1908లో గణితవేత్త మింకోవ్‌స్కీ వివరించిన దేశకాలంలో, కదిలే పరిశీలకుడి కాలాక్షం, దూరాక్షం రెండూ కాంతిరేఖ (కాంతి ప్రయాణాన్ని చూపే గీత) వైపు సమానంగా వాలతాయి. కాంతి వేగంలో సగంతో కదిలితే ఒక్కొక్కటి 26.6 డిగ్రీలు, కాబట్టి బొమ్మ మీద వాటి మధ్య 36.9 డిగ్రీలే మిగులుతుంది. నిరూపకాలు చదివే పద్ధతి మాత్రం అదే, రెండో అక్షానికి సమాంతరంగా.

కానీ స్కేలు పెట్టి దూరం కొలవకండి, కాస్ 36.9 వేసి లెక్కకట్టకండి. అక్కడి కొలతలో కాలం వర్గానికీ దూరం వర్గానికీ గుర్తులు వేరు. ఆ కొలతలో చూస్తే వాలిన ఆ రెండు అక్షాలు ఒకదానికొకటి లంబమే.

అదే జాలకానికి ఒక పుస్తకం 60 అంటుంది, ఇంకోటి 120 అంటుంది. ఏది సరి?

రెండూ సరే. చుక్కలు అవే, రెండో అక్షంగా ఏ వరుసను ఎంచుకున్నారన్నదే తేడా. కుడి పైకి పోయే వరుసను తీసుకుంటే 60, ఎడమ పైకి పోయేదాన్ని తీసుకుంటే 120. 60తో దూరం వర్గం ఎక్స్² + వై² + ఎక్స్·వై, 120తో ఎక్స్² + వై² − ఎక్స్·వై. స్ఫటికశాస్త్రంలో షడ్భుజ జాలకానికి 120 తీసుకోవడమే వాడుక. ముగ్గు లెక్కలకు నేను 60 తీసుకుంటాను, కుడి పైకి నడవడం చేతికి అలవాటు కాబట్టి. ఒక పుస్తకంలోని నిరూపకాలను ఇంకో పుస్తకంలోని సూత్రంలో పెట్టేముందు కోణం ఎంతని రాశారో ఒకసారి చూసుకోండి.